చంద్రవ్వ సవరం

పెత్రమాస నాడు చంద్రవ్వ ఫొటో ముందు పెట్టే విస్తరిలో తీపి ఉండేది కాదు.

ఎర్రకుంట బస్తీలో మిగతా ఇళ్ళవాళ్ళు ఆ అమావాస్యకు తమ పెద్దలకు ఏది ఇష్టమైతే అది పెట్టుకునేవాళ్ళు. పూర్ణం పోలెలు ఇష్టమైనవాళ్ళకు పోలెలు, కల్లు తాగినాయనకు కల్లు, చుట్ట కాల్చినామెకు చుట్ట. సుగుణ మాత్రం తల్లికి రెండు జొన్నరొట్టెలు, ఇంత కాకరకాయ కూర పెట్టేది. పోయి ఎనిమిదేళ్ళయినా చంద్రవ్వకు పథ్యం తప్పలేదు.

"నాయనమ్మకు ఇంక షుగరేంది అత్తా? పైన గూడ సూది గుచ్చి పరీక్ష చేస్తరా?" అని మేనకోడలు అక్షర నవ్వింది.

"అలవాటైంది బిడ్డా" అంది సుగుణ.

అలవాటు కాదు, భయం. ఏడేళ్ళపాటు తల్లికి కాపలా కాసింది సుగుణే. మందులు వాడుతున్నా షుగరు దిగడం లేదంటే పెద్దామె చాటుగా ఏదో తింటున్నదని డాక్టరు అన్నాడు. ఆ మాట పట్టుకుని సుగుణ తలగడ కింద వెతికింది. బియ్యం గుమ్మిలో చెయ్యి పెట్టి చూసింది. బెల్లం డబ్బాకు తాళం వేసి చెవి కొంగుకు కట్టుకుంది. "నేను తినలేదు బిడ్డా" అని చంద్రవ్వ మొదట్లో కోపంగా అనేది. తర్వాత నవ్వుతూ అనేది. చివరి రెండేళ్ళు అనడం మానేసింది. ఆ మానేయడమే సుగుణకు ఇప్పటికీ చెవుల్లో వినబడేది.

ఆ పెత్రమాస దాటిన వారానికే స్కూల్లో ఆరోగ్య శిబిరం పెట్టారు. పదిహేనేళ్ళ అక్షర కాగితం పట్టుకుని ఇంటికి వచ్చింది. షుగరు ఇంకా పూర్తిగా రాలేదు, గడప మీద ఉంది అని రాశారు.

ఇల్లు ఒక్కసారిగా మారిపోయింది. తల్లి రేణుక చక్కెర డబ్బా అటక ఎక్కించింది. తండ్రి మొగిలి ఫ్యాక్టరీ నుంచి వచ్చీ రాగానే స్కూలు సంచి దులిపాడు.

"బేకరీ కాడ నిలబడి ఏమేం మింగుతున్నవే?"

"ఏం తినలే నాయనా."

"తినకుంటే ఊరికే వస్తదా? మీ నాయనమ్మ లెక్కనే దొంగతిండి మరిగినవ్."

"నేను తినలేదంటే నమ్మవేంది?" అని అక్షర ఏడుస్తూ లోపలికి పోయింది.

సుగుణ గడపలో నిలబడి విన్నది. అదే మాట, అదే గొంతు. తల్లి విషయంలో నమ్మలేదు. ఈసారి నమ్మాలనుకుంది. అయితే నమ్మితే చాలదు, ఎందుకు వచ్చిందో తెలియాలి. తెలియకపోతే ఈ పిల్ల కూడా ఆ సూదుల వెంటే పోతుంది.

సుగుణ యూనివర్సిటీ పరిశోధనశాలలో ఇరవై రెండేళ్ళుగా టెక్నీషియను. భర్త పోయినప్పటి నుంచి తమ్ముడి ఇంటి పక్క గదిలో ఉంటూ, రోజూ బస్తీ దాటి రెండు బస్సులు మారి పనికి పోయేది. ఆ ఏడే ల్యాబులోకి కొత్త యంత్రం ఒకటి వచ్చింది. కాగితాల మీద దాని పేరు రెండు వరుసలు పట్టేది. ఎవరికీ నోరు తిరగక అందరూ దాన్ని దువ్వెన అనేవాళ్ళు. చూడ్డానికి కూడా అలాగే ఉండేది. సన్నని ఉక్కు పళ్ళ మధ్య వెంట్రుకలను వరుసగా బిగిస్తే, వెలుగు సూది ఒకటి కొస నుంచి కుదురు దాకా వాటిని కొద్దికొద్దిగా కాల్చుకుంటూ పోయేది. కాలిన ప్రతి తునకలో ఏముందో చదివి తెర మీద రెండు గీతలు గీసేది. ఒంట్లోకి బయటి నుంచి వచ్చిన రసాయనాలకు ఎర్రగీత. రక్తంలో ఎక్కువై వెంట్రుకకు అంటుకున్న చక్కెరకు నీలిగీత.

"జుట్టు నెలకు అరంగుళం కన్నా కొంచెం తక్కువ పెరుగుతుంది. ఆ నెల రక్తంలో ఏం తిరిగిందో అది ఆ ముక్కలో చిక్కుకుంటుంది" అని ల్యాబు పెద్ద డాక్టర్ ఫర్హానా వచ్చినవాళ్ళకు చెప్పేది. "నడుము దాకా జడ ఉందంటే ఐదేళ్ళ సంగతులు వీపు మీద వేసుకుని తిరుగుతున్నట్టే."

దువ్వెనకు ఒకటే లోపం. చదివిన జుట్టు మిగలదు. పళ్ళెంలో చిటికెడు బూడిద ఉంటుంది, అంతే.

ఫర్హానా ఎర్రకుంటను ఎంచుకోవడానికి కారణం ఉంది. అక్కడ బస్తాలు మోసేవాళ్ళకు, ఎండుపుల్లల్లా ఉన్నవాళ్ళకు కూడా షుగరు వస్తోంది. సుగుణ ఇల్లిల్లూ తిరిగి అరవైమూడు మంది ఆడవాళ్ళ దగ్గర తలా ఒక పాయ అడిగి తెచ్చింది. అన్నీ చదివారు. అందరిలోనూ ఎర్రగీత పైనే ఉంది. షుగరున్న వాళ్ళలో నీలిగీతా కుదురు నుంచి కొస దాకా పైనే ఉంది.

"ఇది దేనికీ పనికిరాదు" అని ఫర్హానా కుర్చీలో వెనక్కి వాలింది. "రెండూ ఎప్పుడూ పైనే ఉంటే ఏది ముందొచ్చిందో, ఏది వెనకొచ్చిందో ఎట్లా చెప్పాలి? ఎర్రగీత ఇంకా మొదలుకాని రోజుల జుట్టు కావాలి సుగుణగారూ. ఇరవై ఏళ్ళ కిందటి జుట్టు. ఎవరు దాచుకుంటారు చెప్పండి?"

పళ్ళేలు కడుగుతున్న సుగుణ చెయ్యి ఆగింది.

చంద్రవ్వకు మోకాళ్ళ దాకా జుట్టుండేది. తలంటుకున్న రోజు మంచం మీద బోర్లా పడుకుంటే నలుగురు కూర్చుని చిక్కు తీసేవాళ్ళు. షుగరొచ్చాక జుట్టు రాలడం మొదలైంది. అక్షర పుట్టిన నెలలో, పురిటి స్నానం నాడు, ఆమె కత్తెర తెచ్చి సుగుణ చేతిలో పెట్టింది. "రాలిపోయేదాక చూసుడెందుకే? ఉండంగనే కొయ్యి. సవరం కట్టించుకుంట. నా జుట్టే నేను పెట్టుకుంటే ఎవలేమంటరు?" అంది. సవరాలు కట్టే ఆమె కుదుళ్ళన్నీ ఒక పక్కకే చేర్చి, నల్లదారంతో బిగించి, మూడు పాయలుగా కట్టిచ్చింది. పోయే రోజు దాకా ఆ మూడు పాయలే చంద్రవ్వ కొప్పులో ఉన్నాయి.

సాయంత్రం సుగుణ ట్రంకు పెట్టె తీసింది. పాత చీర మడతలో సవరం మెత్తగా చుట్టుకుని ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరినూనె వాసన, కొంచెం తల్లి వాసన.

రేణుక చూసింది. "ఏంది వదినె, అది కాలుస్తరా? ఆమెది ఇంట్ల మిగిలిందే గదొక్కటి."

"తెలుసు రేణుకా."

"మళ్ళ?"

"అక్షర తినలేదంటున్నది. అవ్వ గూడ తినలేదనే అన్నది. ఎవరన్న ఒకరు నమ్మాలె గద" అంది సుగుణ.

రేణుక ఒక పాత టిఫిన్ డబ్బా శుభ్రంగా తుడిచి తెచ్చి ఇచ్చింది.

మొదటి పాయను సుగుణే తన చేత్తో దువ్వెనకు బిగించింది. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. వెలుగు సూది కదిలింది. తల్లి జుట్టు కాలిన వాసనకు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, లేచి మాత్రం పోలేదు. నాలుగు గంటలు పట్టింది. కొస నుంచి నాలుగేళ్ళదాకా రెండు గీతలూ నేలను పట్టుకుని పడుకున్నట్టు ఉన్నాయి. తర్వాత ఎర్రగీత లేచింది. అది లేచిన మూడేళ్ళకు గానీ నీలిగీత కదలలేదు. తర్వాత మెట్టుమెట్టుగా ఎక్కింది.

ఫర్హానా తెర మీద నీలిగీతను వేలితో చూపించింది. "షుగరుకు చాలా దారులుంటాయి సుగుణగారూ. తిండి ఒక దారే, కాదనను. కానీ మీ అమ్మగారికి వచ్చింది ఆ దారిన కాదు. ముందు ఏదో విషం వచ్చింది, దాని వెనక షుగరు వచ్చింది. ఆమె గనక చాటుగా తీపి తింటూ ఉంటే ఈ గీత ఉలికి ఉలికి పడేది. చూడండి, ఎంత నిలకడగా ఎక్కిందో. ఆమె పథ్యం తప్పలేదు."

సుగుణ తెర ముందు నిలబడే ఏడ్చింది. ఏడుపులో ఎక్కడో తేలికదనం కూడా ఉంది. తప్పు తనదేనని తేలినా తల్లి మాట నిలబడింది.

రెండో పాయను ఒక్కో నెల ముక్కగా విడివిడిగా చదవాలన్నారు. సూది వేగం తగ్గించి రెండు రోజులు నడిపారు. ఈసారి ఎర్రగీత గోడలా లేవలేదు. పళ్ళు పళ్ళుగా లేచింది. ఒక పన్ను, కాస్త పల్లం. మళ్ళీ ఇంకో పన్ను, మొదటిదానికన్నా ఎత్తుగా. జుట్టు కోసిన తేదీ తెలుసు కాబట్టి వెనక్కి లెక్కపెట్టడం సులువే. ప్రతి పన్నూ మార్చిలో లేచి జూన్‌లో దిగింది.

"ఎండాకాలం" అంది ఫర్హానా. "మీ బస్తీలో ఎండాకాలం మాత్రమే జరిగేది ఏముంది? ఇరవై ఏళ్ళ కింద మొదలైనది?"

సుగుణకు తెలిసిపోయింది.

"గుర్తొస్తలేదు మేడం" అంది.

ఇరవై ఏళ్ళ కిందట ఎర్రకుంట మలుపు దగ్గర ఒక రిక్షా కార్మికుడు ఎండదెబ్బకు పడిపోయి, ఎవరూ చూడకముందే ప్రాణం వదిలాడు. ఆ మరుసటి ఎండాకాలం చంద్రవ్వ అక్కడ తాటాకు పందిరి వేసి చలివేంద్రం పెట్టింది. పొద్దున ఎనిమిదికి కూర్చుంటే పొద్దుగూకేదాకా లేచేది కాదు. తాగేదీ ఆ నీళ్ళే. పక్కింటి బాలమణి తోడు కూర్చునేది. వచ్చేపోయే కూలీలకు, మేస్త్రీలకు, బడిపిల్లలకు గ్లాసు తర్వాత గ్లాసు ముంచి పోసేవాళ్ళు. ఇప్పటికీ ఆ మలుపును ఆటోవాళ్ళు చంద్రవ్వ చలివేంద్రం అనే అంటారు.

అంతమందికి నీళ్ళు పట్టాలంటే కుండలు చాలలేదు. అప్పుడే ఫ్యాక్టరీలో పనికి కుదిరిన మొగిలి, రసాయనాలు ఖాళీ అయ్యాక తుక్కు కింద పక్కన పడేసిన నీలిరంగు డ్రమ్ములు రెండు తెచ్చి పెట్టాడు. అవి తళతళలాడేదాకా చంద్రవ్వ చింతపండుతో తోమింది. బూడిదతో తోమింది. వేపాకు వేసి మూడు రోజులు ఎండలో పెట్టింది. ముక్కు లోపల పెట్టి వాసన చూసి, ఏమీ లేదని తేల్చుకున్నాక పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆమెను చూసి బస్తీలో ఒక్కొక్కరూ తెచ్చుకున్నారు. ఇప్పుడు ప్రతి ఇంటి ముందూ ఒక నీలి డ్రమ్ము, మెడకు పసుపుతాడు. ఏడాది పొడవునా తాగేది వాటి నీళ్ళే.

రెండు రోజులు సుగుణ ఎవరికీ చెప్పలేదు. తల్లి దొంగతిండి తినలేదని రుజువు చేయబోయి, ఇంతమందికి విషం పోసిందని రుజువు చేసినట్టయింది. మొదటి మాట చెప్పాలంటే రెండోదీ చెప్పాలి. ఇంట్లో మాత్రం బోరు నీళ్ళు పట్టి కాచి పెట్టింది. ఎందుకని అడిగితే గొంతు నొప్పి అంది.

మూడో రోజు సాయంత్రం అక్షర బడి నుంచి వచ్చి, సంచి పడేసి, కాచిన నీళ్ళు వేడిగా ఉన్నాయని డ్రమ్ము మూత తీసి చెంబు ముంచింది. నోటిదాకా తీసుకుపోయింది. సుగుణ వంటింట్లోంచి ఒక్క అంగలో వచ్చి చెంబును కొట్టింది. అది గోడకు తగిలి సొట్టపోయి దొర్లింది.

"అత్తా!" అని పిల్ల బిక్కచచ్చిపోయింది. రేణుక పరుగెత్తుకొచ్చింది. మొగిలి తువ్వాలు భుజాన వేసుకుని అట్లాగే నిలబడిపోయాడు.

సుగుణ కింద కూర్చుని అంతా చెప్పింది.

"చింతపండుతోని తోమినం గదక్కా" అన్నాడు మొగిలి, ఎవరో తనను కొట్టబోతున్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని. "మూడు దినాలు ఎండబెట్టినం. వాసన పోయిందని అవ్వే చెప్పింది."

"వాసన పోయింది తమ్మీ. అది పోలే. డొక్కలకు ఇంకి ఉన్నది. ఎండకు కాగినకొద్దీ నీళ్ళలకు దిగుతది."

"తెచ్చింది నేను. నా చేతులతోని తెచ్చిన." అతను డ్రమ్మును రెండు చేతులా పట్టుకుని గల్లీలోకి ఈడ్చుకుపోయి బోర్లించాడు. నీళ్ళన్నీ కాలువలోకి పోయాయి. తర్వాత వచ్చి, కూతురి ముందు కూర్చున్నాడు. "బేకరీ అన్న గదనే" అన్నాడు. "నా నోరు పడిపోను."

మర్నాడు సుగుణ డ్రమ్ము నుంచి గీకిన పొడి, ఒక సీసా నీళ్ళు తీసుకుపోయి ఫర్హానా బల్ల మీద పెట్టింది. "మొన్న అబద్ధం చెప్పిన మేడం" అంది. ఫర్హానా ఆమె వంక చూసి, కుర్చీ జరిపి, "ముందు చాయ్ తాగండి" అంది. సాయంత్రానికి తేలిపోయింది. ఎర్రగీతలో ఉన్నదీ, డ్రమ్ములో ఉన్నదీ ఒకటే.

ఆదివారం పొద్దున చలివేంద్రం పందిరి కింద బస్తీని పిలిచారు. ఫర్హానా మాట్లాడతానంటే సుగుణ వద్దంది. తానే లేచి, ఏదీ దాచకుండా, తల్లి పేరు దాచకుండా చెప్పింది. చెప్పేటప్పుడు కళ్ళెత్తలేదు. ముందు వరుసలో ఉన్న పాదాలనే చూసింది. కొన్నింటికి వేళ్ళు లేవు.

ముందుగా సత్తెమ్మ లేచింది. షుగరు పుండుకు ఆమె భర్త కాలు తీసేశారు. "అయితే ఎవర్నడగాలె ఇప్పుడు? మా ఆయన కాలు ఎవరిస్తరు?" అని అరిచింది.

మొగిలి లేచి నిలబడ్డాడు. "నన్నడుగు అక్కా. మొదటి డ్రమ్ము తెచ్చింది నేనే."

"నిన్నడిగితే కాలు మొలుస్తదా?" అని సత్తెమ్మ మొహం తిప్పుకుంది.

అప్పుడు బాలమణి గోడ పట్టుకుని లేచింది. డెబ్బై ఏళ్ళు. చంద్రవ్వ పక్కనే కూర్చుని పన్నెండు ఎండాకాలాలు నీళ్ళు పోసిన మనిషి. షుగరుకు ఒక కన్ను పోయింది.

"చంద్రవ్వ ఉంటే ఇయ్యాల ఆ డ్రమ్ముల పడి సచ్చేది. మంచిగైంది, ముందే పోయింది" అంది. ఎవరో గుక్కపట్టుకున్నట్టు నవ్వారు. "ఇగ నా ముచ్చట ఇనుండ్రి. పదిహేనేండ్ల సంది నా కోడలు నన్ను లడ్డుల దొంగ అంటది. దవఖానల నర్సు గూడ అంటది, నోరు కట్టుకోవే ముసల్దానా అని. మనుమని పుట్టినరోజు కేకు ముక్క నా చేతుల నుంచి గుంజుకున్నరు. నేను తినలేదంటే ఎవలు నమ్మిండ్రు? నాకే నా మీద నమ్మకం పోయింది. నిద్రల లేచి తింటున్నననుకున్న." ఆమె సుగుణ వైపు తిరిగింది. "నీ తల్లి జుట్టు కాలబెట్టి నా మాట నిజమని చెప్పినవ్. కన్ను రాదు, తెలుసు. నా మాట వచ్చింది. నీ కడుపు సల్లగుండ."

వెనక కూర్చున్న కోడలు తల వంచుకుంది. ఆ తర్వాత ఒక్కొక్కరే మాట్లాడారు. ఎవరెవరు ఎవరెవరిని తిట్టారో, ఎవరు ఎవరి కంచంలోంచి ఏది తీసేశారో చెప్పుకున్నారు. సత్తెమ్మ పోయేటప్పుడు తన ఇంటి ముందున్న డ్రమ్మును కాలితో తన్ని పడేసింది.

పని అంతటితో అయిపోలేదు. ఫర్హానా నివేదిక ఆఫీసుల చుట్టూ తిరగడానికి నెలలు పట్టింది. చివరికి ఫ్యాక్టరీ వాళ్ళు ఖాళీ డ్రమ్ములను చిల్లులు పొడిచి గానీ బయటికి పంపకూడదని ఉత్తర్వు వచ్చింది. అది సగం న్యాయమే. ముసలివాళ్ళ సూదులు ఆగలేదు. పిల్లలకు మాత్రం బడిలో పరీక్షలు మొదలయ్యాయి.

ఎండాకాలం వచ్చేసరికి చలివేంద్రం పేరు మార్చాలా అన్న మాట వచ్చింది. సుగుణ తానే ఎత్తింది ఆ మాట. "పేరెందుకు మారుస్తం? కుండలు మారుస్తం" అంది బాలమణి. కుమ్మరి దగ్గర ఆరు పెద్ద రంజన్లు చేయించారు. మొదటి రోజు ఇసుక పోసి రంజన్లు కుదురుగా కూర్చోబెట్టింది మొగిలి. సత్తెమ్మ వచ్చి, ఎవరివైపూ చూడకుండా, గ్లాసులు కడిగిపెట్టి పోయింది. మర్నాడూ వచ్చింది.

మళ్ళీ పెత్రమాస వచ్చింది. దానికి ముందు రోజు అక్షర ల్యాబుకు వచ్చి, తన జడలోంచి సన్నని పాయ ఒకటి కుదురు దాకా కత్తిరించి ఇచ్చింది. డ్రమ్ము పోయిన పది నెలల్లో పెరిగింది నాలుగంగుళాలు. ఆ నాలుగంగుళాలనే దువ్వెనకు బిగించారు. సుగుణ, ఫర్హానా, అక్షర ముగ్గురూ తెర ముందు కూర్చున్నారు. ఎర్రగీత మొదట పైనే ఉంది. మెల్లగా వంగింది. దాని వెనకే, రెండంగుళాలు ఆలస్యంగా, నీలిగీత కూడా తల దించింది. కుదురు దగ్గరికి వచ్చేసరికి మామూలు పిల్లల గీతకు వెంట్రుకవాసి పైన ఉంది.

"గడప దిగిందా అత్తా?" అంది అక్షర.

"దిగింది బిడ్డా. ఇంక వెనక్కి చూడకు."

ఫర్హానా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "మూడో పాయ ఇంకా మీ దగ్గరే ఉంది కదా? ల్యాబులో అద్దాల పెట్టెలో పెడదామా, మీ అమ్మగారి పేరు రాసి?" అంది.

"అది ఇయ్యను మేడం. దానికి వేరే పని ఉన్నది" అంది సుగుణ. ఫర్హానా నవ్వి, సొరుగులోంచి చిన్న గాజుసీసా తీసి ఆమె చేతిలో పెట్టింది. మొదటి రెండు పాయల బూడిద. ఏడాదిగా జాగ్రత్త చేసి ఉంచింది.

పెత్రమాస పొద్దున సుగుణ శనగపప్పు ఉడకేసింది. తాళంచెవి ఎప్పుడో పోయిన పాత బెల్లం డబ్బాను మొగిలి సుత్తితో పగలగొట్టి తెరిచాడు. లోపల ఏమీ లేదు, తుప్పు తప్ప. కొత్త బెల్లం తెచ్చారు. రేణుక పూర్ణం రుబ్బింది. అక్షర పోలెలు కాల్చబోయి రెండు మాడ్చింది.

"మాడినవి నాయనమ్మకు పెట్టకు, మీ నాయనకు పెట్టు" అంది రేణుక.

సాయంత్రం బతుకమ్మ ఆటకు అక్షర జడలో మూడో పాయ కలిపి అల్లాలని సుగుణ ముందే తీసి పెట్టింది. నల్లటి ఆ పాయ కుర్చీ మీద వేలాడుతూ ఎండలో మెరుస్తోంది. గాజుసీసాలోని బూడిదను పెరట్లో గన్నేరు మొదట్లో కలిపింది.

విస్తరి వేసింది. జొన్నరొట్టె పెట్టలేదు, కాకరకాయ పెట్టలేదు. వేడి పోలె ఒకటి పెట్టి దాని మీద నెయ్యి పోసింది. ఫొటోలో చంద్రవ్వ నిండు కొప్పుతో నవ్వుతోంది.

"నువ్వు తినలేదవ్వా" అంది సుగుణ, చేతులు జోడించి. "ఇప్పుడు తిను."

అని రెండో పోలె కూడా పెట్టింది.